హైదరాబాదు పేరు మోసిన బాంబరు

రెండవ ప్రపంచయుద్ధం నాటి సంగతులు చెప్పగల పెద్దవాళ్లు కృష్ణా డెల్టా పల్లెల్లో ఇప్పుడు చాలా కొద్దిమంది మిగిలారు. వాళ్లను అడిగితే బియ్యం కంట్రోలు గురించీ, కిరసనాయిలు దొరకకపోవటం గురించీ వివరంగా చెబుతారు. విమానాల గురించి అడిగితే మాత్రం ఆకాశంవైపు చెయ్యి చూపించి వూరుకుంటారు. అది సహజమే. బియ్యం వాళ్ల చేతిలోనుంచి పోయింది. విమానం వాళ్ల నెత్తిమీదుగా పోయింది.

ఆ పోయిన విమానాలు ఎవరివి, ఎవరి సొమ్ముతో తయారయ్యాయి, చివరకు ఏమయ్యాయి అని వెతకటం తెలుగు చెప్పుకునేవాడి పని కాదని నా తోటి అధ్యాపకులు కొందరు పరిహాసం చేశారు. నేనలా అనుకోను. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికితే ఏది దేనికి మూలమో, ఏది ఎవరింటనుంచి ఎవరింటికి వెళ్లిందో తేల్చటం మాకు నేర్పిన విద్యే. అందులో మొదటి పాఠం ఒకటున్నది. కృత్యాదిలో కృతిపతి పేరు చూసి ప్రతి చరిత్ర తెలిసిందనుకోకూడదు. కృతిపతి డబ్బిచ్చినవాడు మాత్రమే. ప్రతి చరిత్ర తెలియాలంటే చివరి ఆకుమీద లేఖకుడు వేసిన తిథివార నక్షత్రాలు చూడాలి. బాంబరు విమానాలకు కూడా కృతిపతులుండేవారు. పక్కమీద వాళ్ల పేర్లు రంగుతో రాసేవారు. దాని అసలు జాడ మాత్రం తోకదగ్గర వేసిన సంఖ్యలో వుంటుంది.

ముందు మన తీరంమీద బాంబులు వేసిన విమానాల సంగతి చూద్దాం. 1942 ఏప్రిల్ 6న జపాను నౌకాదళ విమానాలు విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. కోస్తా పట్టణాలనుంచి జనం మూటాముల్లె కట్టుకుని లోపలి వూళ్లకు పోయారు. ఆ ఏప్రిల్‌లోనే మద్రాసు ప్రభుత్వం తన కచేరీలను మద్రాసునుంచి లోపలి పట్టణాలకు తరలించింది. తమను కాపాడుతామన్న దొరలు తమకంటె ముందు పెట్టెలు సర్దుకోవటం ప్రజలు చూశారు. ఆ విమానాలు ‘ర్యూజో’ అనే విమానవాహక నౌకనుంచి లేచినవి. నకజిమా కంపెనీ చేసిన ఒంటి ఇంజను బాంబర్లు, ముగ్గురు కూర్చునేవి. ఐదు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 24న, సోలమన్ దీవుల తూర్పున అమెరికన్ విమానాల దెబ్బకు ‘ర్యూజో’ మునిగిపోయింది. ఆ రకం బాంబరు పూర్తి రూపంలో ఈనాడు ప్రపంచంలో ఒక్కటి కూడా లేదు. విశాఖ రేవు పని మానలేదు. దానిమీద బాంబు వేసిన యంత్రమే లేకుండా పోయింది.

ఇక మనవైపు విమానాలు. యుద్ధం రోజుల్లో గన్నవరంలో సైనిక స్థావరం వెలిసింది. నేడు మనం విజయవాడ విమానాశ్రయం అంటున్నది ఆ నేలే. తాడేపల్లిగూడెంలో, దొనకొండలో ఆనాడు చదును చేసిన రన్‌వేలు వున్నాయి. బంగాళాఖాతంమీద గస్తీ తిరిగే నాలుగు ఇంజన్ల లిబరేటర్ బాంబర్లు ఉత్తరాన కటకంనుంచి, దక్షిణాన మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్‌నుంచి ఎగిరేవి. మన డెల్టా ఆ రెంటికీ నడుమ వున్నది. మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవి కనుక మన పేరున కూడా యుద్ధనిధి పోగయింది. దానికి ప్రతిఫలంగా బ్రిటిష్ వైమానికదళంలో 234, 264 సంఖ్యలుగల రెండు దళాలకు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అని పేరు తగిలించారు. అవి బాంబరు దళాలు కావు, ఫైటరు దళాలు. 264వ దళం మొదట నడిపిన ‘డిఫయంట్’ రకం విమానం పూర్తిగా మిగిలినది ప్రపంచంలో ఒక్కటే. అదీ మన పేరు మోసిన దళానిది కాదు, పోలిష్ సైనికుల దళానిది. నౌకాదళంలో ఒక నౌకకు మన నది పేరే పెట్టారు. అది ‘కిస్ట్నా’. స్వాతంత్ర్యం వచ్చాక స్పెల్లింగు బాగుపడి ‘కృష్ణా’ అయింది. 1981 దాకా పనిచేసి ఆ తరువాత తుక్కుకు పోయింది.

తుక్కు అన్నాను కనుక ఒక ముచ్చట. పాత యంత్రాన్ని పోల్చటం ఎలాగో నాకు చెప్పినవాడు చరిత్రకారుడు కాడు, విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టే పెద్దమనిషి. మా వీధి చివర ఎన్నో ఏళ్లు నిలిచి తిరిగి రంగు వేయించుకున్న లారీ ఒకటి ఆయన షెడ్డులో వుంటే ఇది ఫలానా ఆయన బండి కదా అన్నాను. “బాడీ చూసి బండిని పోల్చకూడదు మాస్టారూ” అన్నాడాయన. “రంగు మేం వేసేదే, పేరు మేం రాసేదే. ఇంజను నిన్న మారుస్తాం, కేబిను ఇవాళ మారుస్తాం. ఛాసిస్ మీద కొట్టిన నంబరు చూడండి. అది ఒక్కటే అబద్ధమాడదు.” నా గురువులు పాఠనిర్ణయం గురించి చెప్పినదానికీ దీనికీ నాకు భేదం కనపడలేదు.

ఈ సూత్రం పట్టుకుని లిబరేటర్ల జాడ తీస్తే వింత కథ బయటపడుతుంది. అమెరికాలో ఆ రకం బాంబర్లు 18,000కు పైగా తయారయ్యాయి. యుద్ధం ముమ్మరంగా వున్నప్పుడు ఫోర్డు కంపెనీ ఒక్క ఫ్యాక్టరీలో గంటకొకటి చొప్పున దింపింది. బ్రిటనుకు ఇచ్చినవి ‘లెండ్-లీజు’ చట్టం కింద ఇచ్చినవి. అంటే అరువు సామాను. యుద్ధం అయిపోయాక తిరిగి ఇవ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. అమెరికాకు అవి తిరిగి అక్కర్లేదు. తన దగ్గర వున్నవాటినే అరిజోనా ఎడారిలో వేలకొద్దీ కరిగించి అల్యూమినియం దిమ్మెలు పోసుకుంటున్నది. కాబట్టి మన దేశంలో వున్న లిబరేటర్లను బ్రిటిష్‌వాళ్లు కాన్పూరులో ఒకచోట చేర్చి పాడుచేశారు. ఇంజన్లలో ఇసుక పోశారు, యంత్రాలతో గుద్దించారు, లోపలి పరికరాలు పగలగొట్టారు. సామ్రాజ్యం తట్టాబుట్టా సర్దుకునేటప్పుడు కూడా ఆస్తిహక్కు మీద గౌరవం పోగొట్టుకోదు. అరువిచ్చినవాడికి వద్దు, తెచ్చుకున్నవాడికి వద్దు. అయినా మూడోవాడికి దక్కకూడదు.

మూడోవాడు మనం. 1948లో కొత్త ప్రభుత్వానికి బాంబర్లు కావలసి వచ్చాయి; కొనటానికి డబ్బు లేదు. బెంగుళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ పనివాళ్లు కాన్పూరు వెళ్లి ఆ శవాలగుట్టను పరిశీలించారు. ఒకదాని రెక్క, ఇంకొకదాని చక్రం, మరొకదాని ఇంజను తెచ్చి కలిపి ఎగరగలిగినంతవరకు బాగుచేశారు. మున్షీ అనే టెస్ట్ పైలట్ వాటిని ఒక్కొక్కటిగా బెంగుళూరుకు నడుపుకు వెళ్లాడు. అక్కడ పూర్తి మరమ్మతు జరిగింది. ఇలా బతికి వచ్చినవి నలభైకి పైగా వున్నాయి. 1948 నవంబరు 2న భారత వైమానికదళం 5వ స్క్వాడ్రన్ వాటితోనే ఏర్పడింది. ఆ తరువాత 6వ స్క్వాడ్రన్ వాటితో సముద్రంమీద గస్తీ తిరిగింది. 1968 చివరిదాకా అవి మన సేవలో వున్నాయి.

ఇక్కడే సంఖ్యల ప్రయోజనం తెలుస్తుంది. ఇలా నిలబడిన ఒక్కొక్క విమానానికి మూడు సంఖ్యలుంటాయి: అమెరికాది, బ్రిటనుది, మనది. ఉదాహరణకు అమెరికాలో టూసాన్ పట్టణపు మ్యూజియంలో వున్న లిబరేటరును తీసుకోండి. అది అమెరికన్ లెక్కలో 44-44175. బ్రిటిష్ లెక్కలో కె.హెచ్.304, మన లెక్కలో హెచ్.ఇ.877. మూడూ కలిపి చదివితేగాని అది ఎక్కడ పుట్టి ఎవరికింద పనిచేసి ఎవరి చేతిలో బతికిందో తెలియదు. ఒక బొమ్మ, ఒక ముద్దుపేరు ముక్కుమీద రాసి చూపిస్తే అందులో మన భాగం కనిపించదు. కెనడా రాజధాని ఆటవాలో వున్నది మన హెచ్.ఇ.773. ఫ్లారిడాలో ఒకటి, మాసచూసెట్స్ సంస్థ ఒకటి బాగుచేసి ఎగరేసినది, ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటి, అన్నీ కాన్పూరు గుట్టలోవే. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో వున్న కె.ఎన్.751 యుద్ధం చివర కోకోస్ దీవులనుంచి పనిచేసింది. దాన్ని పాడుచేయమన్న దేశానికే 1974లో మనం బహుమతిగా పంపాము. ఈనాడు ప్రపంచంలో మిగిలిన కొద్దిపాటి లిబరేటర్లలో ఆరు భారతదేశంలో ఎగిరినవి. వాటిని చేసినవాళ్లు దాచలేదు. బెంగుళూరు ఫిట్టర్లకు అవసరం కలిగింది కనుక అవి మిగిలాయి. ఆ ఫిట్టర్ల పేర్లు మాత్రం ఏ మ్యూజియం ఫలకంమీదా పడవు. పైలట్ పేరు ఒకటి నిలిచింది.

అదే మ్యూజియంలో కె.ఎన్.751 కంటె పాతది, తెలుగువాళ్లకు ఇంకా దగ్గరది, మరొక బాంబరు వున్నది. దాని సంఖ్య ఎఫ్ 1010. అది రెండవ యుద్ధానిది కాదు, మొదటిది. దాని కృతిపతి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

మా కృష్ణాజిల్లావాళ్లకు నిజాం అంటే దూరదేశపు రాజు కాదు. జగ్గయ్యపేట దాటితే ఆయన రాజ్యం. మునగాల పరగణా నాలుగువైపులా ఆయన భూమి వుండగా 1959 దాకా కృష్ణాజిల్లాలో భాగంగా వుండేది. వెట్టి తప్పించుకున్నవాళ్లు, రజాకార్ల దాడులకు వూళ్లు వదిలినవాళ్లు ఆ సరిహద్దు దాటి బెజవాడకు వచ్చారు. 1948 వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు కరాచీనుంచి నిజాం సైన్యానికి ఆయుధాలు చేరవేశాడు. అతను వాడిన ‘లాంకాస్ట్రియన్’ విమానాలు జర్మనీని కాల్చిన లాంకాస్టర్ బాంబరుకు పౌరవేషం వేసినవే. తరువాత లండనులో కోర్టు అతనికి జరిమానా విధించింది. సెప్టెంబరులో భారతసైన్యం ఒక పాయ బెజవాడ వైపునుంచే హైదరాబాదు మీదికి నడిచింది. నిజాముకూ బాంబర్లకూ సంబంధం అంటే మా ప్రాంతంవాళ్లకు గుర్తుకు వచ్చేది ఇంతవరకే. దాని మొదటి అధ్యాయం ముప్ఫై సంవత్సరాల ముందుది.

1918 జనవరి 1న బ్రిటిష్ చక్రవర్తి నిజాముకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అనే బిరుదు ఇచ్చాడు. తక్కిన సంస్థానాధీశులంతా ఉత్త హైనెస్‌లే. బిరుదులు వూరికే రావు. నిజాం యుద్ధానికి ఇచ్చినవాటిలో ఒక పూర్తి బాంబరు దళానికి కావలసిన విమానాలున్నాయి. అది 110వ స్క్వాడ్రన్. దానికి ‘హైదరాబాదు స్క్వాడ్రన్’ అని పేరు. ప్రతి విమానం పక్కనా ఇది నిజాం ప్రభువు బహూకరించినదని రాశారు. రాతికి బదులు గుడ్డమీద వేసిన దానశాసనం అనుకోండి.

ఆ రకం పేరు డి.హెచ్.9ఎ. రెండు అంతస్తుల రెక్కలు, కొయ్య చట్రం, దానిమీద బిగించి రంగువేసిన నారగుడ్డ, ముందు 400 గుర్రపుశక్తిగల అమెరికన్ ‘లిబర్టీ’ ఇంజను. నడిపేవాడు ముందు, తుపాకి పట్టుకున్నవాడు వెనక. పూర్వం వున్న డి.హెచ్.9 ఇంజను బలహీనం. బరువెత్తితే ఎత్తుకు ఎక్కలేక జర్మన్ ఫైటర్ల నోటపడేది. దాన్ని ఇంగ్లండులో యోవిల్ పట్టణపు వెస్ట్‌లాండ్ కంపెనీ సవరించింది. ఈ కొత్తరకాన్ని యుద్ధానికి మొదట తీసుకువెళ్లింది హైదరాబాదు దళమే. 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతం చేరింది. వాళ్లకప్పగించిన పని సైన్యానికి సాయం చేయటం కాదు, జర్మనీ లోపలి పట్టణాలమీద, ఫ్యాక్టరీలమీద బాంబులు వేయటం. తరువాతి యుద్ధంలో పెరిగి పెద్దదైన సిద్ధాంతానికి అది నారుమడి. నారు పోసిన సొమ్ములో నల్లగొండ, వరంగల్లు రైతులు కట్టిన శిస్తు వున్నది.

పగటిపూట, తోడు ఫైటర్లు లేకుండా అంతదూరం వెళ్లటం ఎంత ప్రమాదమో త్వరలోనే తెలిసింది. అక్టోబరు 21న ఒక్కరోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు. రెండు నెలలు చాలని ఆ యుద్ధంలో దళం పోగొట్టుకున్నవి 17. ప్రమాదాల్లో విరిగినవి వేరే. ఎఫ్ 1010 అక్టోబరు 5న కైజర్‌స్లాటర్న్ వైపు దాడికి వెళ్లినరోజున జర్మన్ల చేతిలో పడింది. దాన్ని నడిపిన కెప్టెన్ ఇంగ్లిస్, వెనక కూర్చున్న సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ఇద్దరూ బతికి ఖైదీలయ్యారు. వాళ్ల పేర్లు, తేదీ, సంఖ్య మనకు ఈనాడు దొరుకుతున్నాయి. యుద్ధశాఖ గుమాస్తా ఒక్కొక్క విమానానికి చీటీ వేసేవాడు.

అదే అక్టోబరులో దక్కను అంతటా ఇన్‌ఫ్లుయెంజా పాకుతున్నది. ఆ ఏడు వర్షాలు దేశమంతటా తప్పాయి. ఆ జ్వరంలో హిందూదేశంలో చచ్చిపోయినవాళ్లు కోటిమందికి పైనే. వాళ్లకు సంఖ్యలు లేవు, అంచనాలున్నాయి. పోయిన ప్రాణాన్ని లక్షల్లో తప్పిపోయేలా లెక్కవేసిన రాజ్యవ్యవస్థ పోయిన గుడ్డవిమానాన్ని ఒక్కటి కూడా తప్పకుండా లెక్కపెట్టింది. ఒకటి చక్రవర్తి ఆస్తి, రెండవది ఎవరి ఆస్తీ కాదు.

ఇక దాని తరువాతి ప్రయాణం. విజయం పొందినవాళ్ల దగ్గర వున్న హైదరాబాదు విమానాలన్నీ తుక్కయ్యాయి. దళాన్నే 1919లో రద్దు చేశారు. శత్రువు చేతికి చిక్కిన ఎఫ్ 1010 మాత్రం బతికింది. జర్మన్లు దాన్ని యుద్ధంలో గెలిచిన వస్తువుగా దాచారు, తరువాత బెర్లిన్ విమాన ప్రదర్శనశాలలో పెట్టారు. 1943లో బెర్లిన్ మీద బ్రిటిష్ బాంబర్లు దాడులు చేసినప్పుడు ఆ శాల కాలిపోయింది. బాంబరును బాంబర్లనుంచి దాచవలసి వచ్చింది! దాన్ని, మరికొన్ని విమానాలను తూర్పున పోలండు ప్రాంతానికి తరలించారు. యుద్ధం ముగిశాక అవి పోలిష్ ప్రభుత్వం చేతికి వచ్చి చివరకు క్రాకోవ్ మ్యూజియం చేరాయి. అప్పటికి ఎఫ్ 1010కి మొండెం మిగిలింది, రెక్కలు లేవు. 1977లో బ్రిటిష్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైరును మారకంగా ఇచ్చి దాన్ని తెచ్చుకుంది. కొత్త రెక్కలు కట్టి 1983లో ప్రదర్శనకు పెట్టింది. ఆ రకంలో మిగిలినది అదొక్కటే. మారకంగా ఇచ్చిన స్పిట్‌ఫైరు క్రాకోవ్‌లో వున్నది.

రెక్కలు కొత్తవైతే అది పాత విమానమేనా అని అడిగేవారుంటారు. ఆటోనగరు మేస్త్రీ జవాబు నాకు చాలు. ఛాసిస్ పాతది. ఇంకొక పోలిక కూడా వున్నది. బికనీరు మహారాజుకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన డి.హెచ్.9 విమానాలు కోటలోని ఏనుగులశాలలో పడివుండగా ఈ మధ్యకాలంలో ఒక ఆంగ్లేయుడు గుర్తించి తీసుకుపోయాడు; వాటిలో ఒకటి 2019లో మళ్లీ ఎగిరింది. అవి ప్రభువుకు ప్రభుత్వం ఇచ్చినవి, నిజాంవి ప్రభుత్వానికి ప్రభువు ఇచ్చినవి. ఎటునుంచి ఎటు ఇచ్చినా చివరకు చేరిన దేశం ఒకటే.

నిజాం దానం పుణ్యమా అని రుజువైన డి.హెచ్.9ఎ యుద్ధం తరువాత ఏ పనికి వచ్చిందో కూడా చెప్పాలి. 1920 తరువాత దాన్ని ఇరాకులోనూ, మన వాయవ్య సరిహద్దులోనూ వాడారు. పన్ను కట్టనన్న గూడేలమీద, తిరగబడ్డ తెగలమీద బాంబులు వేయటం సైన్యాన్ని నడిపించటంకంటె చౌక అని లెక్క తేలింది.

హైదరాబాదు దళం కథ రద్దుతో ముగియలేదు. 1937లో దాన్ని మళ్లీ లేవదీశారు. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ యుద్ధనౌకలమీద బ్రిటన్ చేసిన మొదటి దాడిలో దాని బ్లెన్‌హైమ్ బాంబర్లు వున్నాయి. 1942లో, మన తీరంమీద బాంబులు పడిన ఏడాదే, అది ఇండియాకు వచ్చి వెంజెన్స్ అనే కొత్తరకం బాంబర్లతో బర్మామీద పనిచేసింది. చివరకు హెలికాప్టర్ల దళంగా మారింది. 1971 ఫిబ్రవరిలో సింగపూరులో దాన్ని రద్దుచేసేనాటికి ‘హైదరాబాదు’ అనే పేరు ఇంకా దాని కాగితాలమీద వున్నది. అప్పటికి ఆ పేరు తగిలించిన సంస్థానం పోయి ఇరవైరెండు సంవత్సరాలు దాటాయి. దాని తెలుగు జిల్లాలు మా జిల్లాతో కలిసి ఒకే రాష్ట్రమై పదిహేనో ఏడు నడుస్తున్నది.